హామ్‌స్ట్రింగ్ అంటే ఆటంకం కాదు

నాకు ఇంగ్లీషు వచ్చునన్న పొగరు ఉండేది. ఇప్పుడూ కొద్దిగా ఉంది గానీ, అప్పటిది దెబ్బ తిన్న పొగరు, దాని సంగతే వేరు. దేవరుప్పుల దగ్గరి మా పల్లె నుంచి బీఈడీకని హైదరాబాదు పోయి హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే, నేను "గిట్లెందుకు జేసినవ్?" అని అడిగితే, గదిలో ఉన్న ముగ్గురు కోస్తా అమ్మాయిలు మంచం మీద పడీ పడీ నవ్వారు. అప్పటి నుంచి నేను నోరు తెరిస్తే చాలు, ఒకామె నా మాటను నా యాసలోనే తిరిగి అనడం, మిగతా ఇద్దరూ పొట్ట పట్టుకోవడం. సినిమాల్లో మా మాట మాట్లాడేది రౌడీలూ జోకర్లే కనుక, వాళ్లకు నేను టికెట్టు లేకుండా దొరికిన సినిమా. నేను ఏడవలేదు, మండిపడ్డాను. నా తెలుగు మీకు నవ్వులాటైతే, మీకు రానంత ఇంగ్లీషు నేర్చుకుని చూపిస్తానని పంతం పట్టాను. జనగామ బస్టాండులో అరచేతిలో ఇమిడే డిక్షనరీ ఒకటి కొని, ఏడాది తిరిగేసరికి దాని అట్ట ఊడగొట్టాను.

ఆ డిక్షనరీ పట్టుకునే గార్ల దాటాక ఉన్న ఒక చిన్న ఊళ్లో ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. ఊరి పేరు చెప్పను. అక్కడ జరిగిన దాంట్లో తప్పు నాది, ఊరికెందుకు చెడ్డ పేరు. అక్కడే నాకు ఒక ఇంగ్లీషు క్రియ అర్థం సరిగా తెలిసింది. తెలియక ముందే దాన్ని మైకులో వాడి ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బళ్లు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. ఊరి సెంటర్లో రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. పొద్దున్నే పోయి కూర్చోవడం, మెడలో పూలదండ వేయించుకోవడం, పాటలు, ఉపన్యాసాలు, మధ్యమధ్య రోడ్డు మీద వంటావార్పు. నాకు ఇరవై నాలుగేళ్లు. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. హాస్టల్లో నవ్విన మాటే ఇక్కడ మైకులో మోగుతుంటే నా ఒళ్లు పులకరించేది. "మన పంతులమ్మకు ఇంగ్లీషు ఫట్‌ఫట్ వస్తది" అని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టేవారు.

శిబిరానికి టెంటు ఇచ్చింది ఊళ్లో ఒక పెద్ద రైతు. టెంటు, కుర్చీలు, మైకు అన్నీ ఆయనవే. పొద్దున వచ్చి అందరికీ చాయ్ పోయించేవాడు. మాట మెత్తన. నేనాయన్ని అన్నా అనేదాన్ని.

శిబిరానికి ఎదురుగా, రోడ్డుకు అవతల పశువుల దవాఖాన. అక్కడి డాక్టరు గారిది కృష్ణా జిల్లా. నలభై దాటిన మనిషి. పాత స్కూటరు, చేతిలో ఎప్పుడూ ఒక తోలుసంచి. అందరి ఆఫీసులకూ తాళాలు పడితే ఈయన దవాఖాన మాత్రం తెరిచి ఉండేది. పశువుకు సమ్మె సంగతి చెప్పలేం కదండీ అనేవారు. ఆ "అండీ" వింటేనే నాకు హాస్టలు గది గుర్తొచ్చేది. మనిషి నాకు ఏ అపకారమూ చేయలేదు. అయినా ఆయన స్కూటరు పోతుంటే నేను మొహం చిట్లించుకునేదాన్ని. ఇది సిగ్గుపడాల్సిన సంగతే, అందుకే ముందుగా చెబుతున్నాను.

సమ్మెకు కొన్ని రోజుల ముందు, ఊరికి ఆనుకుని ఉన్న తండాలో ఒకామె ఎద్దు కాలు తెగింది. ఆమెను నేను అక్కా అనేదాన్ని. యాభై ఏళ్లుంటాయి. మూడెకరాల్లో మిరప, పత్తి వేసేది. భర్త లేడు, కొడుకు వలస పోయాడు, కోడలూ ఆమే వ్యవసాయం. పొద్దున లేచి చూసేసరికి జోడెద్దుల్లో ఒకటి కొట్టంలో కూలబడి ఉంది. వెనక కుడికాలు వంపు తిరిగే చోట, వెనక వైపు, లోతుగా తెగి ఉంది. ఠాణాకు పోతే "కంచె తీగకు చీరుకుని తెగింది" అని రాసుకుని పంపించారు. అక్క నమ్మలేదు. కట్టేసిన ఎద్దు కంచె దాకా ఎట్ల పోతది అని ఆమె ప్రశ్న. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. డాక్టరు గారు వచ్చి చూసి, కట్టు కట్టి, ఒక సర్టిఫికెట్ రాసిచ్చారు. కేసు కట్టాలన్నా, ఎద్దును ఎవరు ఇట్లా చేశారో ఠాణా అడగాలన్నా ఆమె చేతిలో ఉన్న ఆధారం ఆ ఒక్క కాగితమే.

ఆ కాగితం పట్టుకుని అక్క ఒక మధ్యాహ్నం శిబిరానికి వచ్చింది. ఊరి పెద్దమనుషులందరూ అక్కడే ఉంటున్నారు కదా, నలుగురూ చెబితే ఠాణా కదులుతుందని ఆశ. ఆమె కాగితం తీయగానే టెంటు ఆయన లేచి, మర్యాదగా అందుకుని, నా చేతిలో పెట్టాడు.

"జెర సదువు పంతులమ్మా. ఆంధ్ర డాక్టరు ఏం రాసిండో నలుగురికి ఎరుకైతది."

మైకు నా ముందే ఉంది. కాగితం చూశాను. పైన నాలుగు వరుసలు డాక్టరు రాత. కోడి కెలికినట్టుంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. చదవలేకపోతున్నానని చెప్పలేదు. అంతమంది ముందు ఎట్లా చెబుతాను? కింద అభిప్రాయం అన్న చోట మాత్రం విడి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ది యానిమల్ హ్యాజ్ బీన్ హామ్‌స్ట్రంగ్. ఆ చివరి మాట నేనెప్పుడూ వినలేదు. హామ్ అంటే పంది తొడ మాంసమని తెలుసు, స్ట్రింగ్ అంటే దారమని తెలుసు. ఎద్దు కాలికీ పంది మాంసానికీ ఏం సంబంధం? సంచిలోంచి చిన్న డిక్షనరీ తీశాను. హామ్‌స్ట్రింగ్: ఆటంకపరచు, సాగనివ్వకుండు. అంతే ఉంది. నా రక్తం సలసల మరిగింది.

"వినుండ్రి" అన్నాను మైకులో. "కాలు తెగి ఎద్దు కూలబడితే, ఈ డాక్టరు సారు ఏం రాసిండో వినుండ్రి. ఎద్దుకు ఆటంకం కలిగినదట! తెగింది అని లేదు, కోసిండ్రు అని లేదు. ఆటంకం!"

శిబిరం అంతా గొల్లుమంది. కాలు తెగితే ఆటంకమా అని ఒకరు, రోడ్డు మీద బండి ఆగితే ఆటంకం అంటరు అని ఇంకొకరు. నవ్వు కాస్తా నిమిషాల్లో కోపమైంది. కావాలనే రాసిండు, మన కేసు చెడగొట్టనీకే రాసిండు, అందరు బంద్ జేస్తే దవాఖాన తెరిసినప్పుడే అనుకున్నం. టెంటు ఆయన మెత్తగా అన్నాడు, "గిసోంటోడు మన ఊళ్ల ఎందుకే?" ఆ మాట చాలింది. రెండు రోజుల్లో డాక్టరు ఊరు విడిచి పోవాలని, లేకపోతే దవాఖాన ముందు కూర్చుంటామని తీర్మానమైంది. దాన్ని చదివి వినిపించింది కూడా నేనే. లౌడ్‌స్పీకరు గొట్టం దవాఖాన వైపే తిరిగి ఉంది. అక్క ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క నా అద్దె గది ముందు నిలబడి ఉంది.

"డాక్టరు సారును ఎల్లగొడితే నా కాయిదం ఏమైతది పంతులమ్మా?" అంది. "తప్పు రాసిండని ఎల్లగొట్టినోని కాయిదం ఠాణల పట్టుకుంటరా?"

"ఆ కాయిదంతోని నీకేం లాభం లేదక్కా. ఆటంకం అని రాసిండు."

"నువ్వు సదివింది తప్పు."

నాకు చిర్రెత్తింది. "నీకు ఇంగ్లీషు వచ్చా?"

"తెలుగే సగం రాదు. మా ఇంట్ల మాది వేరే భాష." ఆమె గొంతులో కోపం లేదు. "గని ఆ సారు రాసేటప్పుడు నేను పక్కనే ఉన్న. మన్నుల మోకాళ్ల మీద కూసున్నడు. ఎద్దు కాలు ఒళ్లె పెట్టుకుండు. గాయంల ఏలు పెట్టి, కండ్లు మూసుకొని జూసిండు. లేసి చేతులు కడుక్కోకముందే 'ఎవరమ్మా ఇంత పని చేసింది' అన్నడు. 'ఎవరో ఏమో సారు, ఎనకకెల్లి వచ్చి నరం గోసిండ్రు' అన్న నేను. ఇంటికి పొయ్యి రాయలే, నా కొట్టంల నిలవడే రాసిండు. గట్ల జూసినోడు తప్పెట్ల రాస్తడు? రా, పోయి అడుగుదాం."

నేను పోట్లాడటానికే పోయాను. ఇందులో అబద్ధం చెప్పను.

దవాఖాన వరండాలో ఒక ట్రంకుపెట్టె కనబడింది. డాక్టరు గారు లోపల మందుల సీసాలు ఒక్కొక్కటే సర్దుతున్నారు. మమ్మల్ని చూసి ముందు అక్కను అడిగారు, "నిన్న రాత్రి వైపు మార్చి పడుకోబెట్టారా అమ్మా? ఒకే వైపు ఉంటే పుండ్లు పడతాయి." తర్వాత నా వైపు తిరిగి కుర్చీ చూపించారు. "కూర్చోండి టీచరు గారూ."

నేను కూర్చోలేదు. "మీరు రాసిన మాటకు అర్థం ఏంది?" అన్నాను, నా చిన్న డిక్షనరీ చూపిస్తూ. ఏంది అనే అన్నాను, గట్టిగా. నవ్వుతారేమో చూద్దామని. ఆయన నవ్వలేదు.

బీరువాలోంచి అట్టపెట్టంత లావు డిక్షనరీ దించారు. పేజీలు తిప్పి నా ముందు పెట్టారు. మొదటి అర్థం దగ్గర వేలు పెట్టారు. మోకాలి వెనకనున్న నరాన్ని కోసి అవిటివాణ్ణి చేయు. నా చిన్న డిక్షనరీలో ఉన్న అర్థం రెండోది, కింద ఎక్కడో ఉంది.

"మీ డిక్షనరీ చిన్నది, అందులో చివరి అర్థం ఒక్కటే పట్టింది" అన్నారు. "మీ తప్పు కాదులెండి."

ఆ మాట నన్ను పోట్లాటకంటే ఎక్కువ బాధపెట్టింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. నిన్న ఆయన్ని ఊరంతా వినేటట్టు దొంగను చేసిన మనిషిని నేను. ఆయన నా డిక్షనరీ తరఫున వాదిస్తున్నారు.

తర్వాత ఆయన ఆ మాటను విడదీసి చెప్పారు. ఎంత ఇష్టంగా చెప్పారంటే, పక్కన ట్రంకుపెట్టె ఉన్న సంగతే మరచిపోయినట్టున్నారు. పాత ఇంగ్లీషులో హామ్ అంటే మాంసం కాదట. మోకాలి వెనక, కాలు ముడిచినప్పుడు పడే పల్లమట. వంకర అనే పాత మాటలోంచి వచ్చిందట. అక్కడి నుంచి ఆ పేరు తొడ వెనక భాగానికి పాకి, తర్వాత పంది తొడకు, ఆ తర్వాత మాంసానికి వచ్చి చేరింది. స్ట్రింగ్ అంటే దారమే, కానీ పూర్వం ఒంట్లో ఉండే నరాన్ని కూడా అట్లాగే అనేవారు. కాలు వంపులోని దారం, అంతే. ముందు అది నరానికి పేరు. తర్వాత ఆ నరాన్ని కోసే పనికీ అదే పేరైంది.

"మీరిద్దరూ ఒకసారి కూర్చుని కాలు మడవండి" అన్నారు. "వేళ్లు వెనక్కి పెట్టి చూడండి. రెండు పక్కలా బిగిసిన తాడులా తగులుతుంది చూశారా? పశువుకైతే ఇంకొంచెం కిందగా, వెనక కాలు వంపు దగ్గర ఉంటుంది. పూర్వం యుద్ధాల్లో శత్రువుల గుర్రాలకు ఈ పని చేసేవాళ్లట. గుర్రం చావదు. కళ్లు తెరుచుకునే ఉంటుంది, మేత తింటుంది, లేవలేదు. అందుకనే ఎవరి పనైనా సాగకుండా చేయడానికి కూడా ఈ మాటే వాడటం మొదలుపెట్టారు."

అక్క నేల మీద కూర్చుని, చీర సర్దుకుని, తన మోకాలి వెనక నొక్కి చూసుకుంటోంది. "గుర్రాలకు గూడనా?" అంది. "ఓయమ్మ! ఇంగిలీషోళ్ల దగ్గర గూడ గీ పాడు బుద్ధి ఉన్నదన్నట్టు. పైకెల్లి దానికో పేరు గూడ పెట్టుకున్నరు."

డాక్టరు గారు నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఎద్దు కూలబడిన మనిషి, ఊరు వదలబోతున్న మనిషి ఇద్దరూ ఒక మాటను చూసి అట్లా నవ్వుకుంటుంటే, మధ్యలో నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను.

"తెగింది అని రాయొచ్చు కదా సారు?" అన్నాను. నా గొంతు అప్పటికే తగ్గింది. "అందరికీ తెలిసేటట్టు?"

"తెగింది అని ఠాణాలో రాసే ఉన్నారు కదండీ" అన్నారు. "తీగకు చీరుకున్నా తెగిందనే అంటాం. ఈ మాట అట్లా కాదు. దీనికి చేసినవాళ్లు ఉండాలి. మనిషో, తోడేలో. ఇది తోడేలు పని కాదు, గాయం అంచులు తిన్నగా, శుభ్రంగా ఉన్నాయి. చాలా పదునైన కత్తి. పైన నాలుగు వరుసల్లో అదే రాశాను. ఎవరో కావాలని, వెనకనుంచి వచ్చి, ఎక్కడ కోస్తే లేవదో తెలిసి కోశారు. ఇదంతా చెప్పే మాట నాకు ఇంగ్లీషులో ఒక్కటే దొరికింది."

ఊళ్లో అందరం అది ప్రమాదమో కాదో అని గుసగుసలాడుతుంటే, ఇది ఒక మనిషి చేసిన పని అని సంతకం పెట్టి చెప్పింది ఆయన ఒక్కరే. మా మధ్య బంధువులు లేని, కులం లేని, అండ లేని మనిషి. ఆ మాట రాస్తే ఎవరికి కోపం వస్తుందో ఆయనకు తెలియకుండా ఉండదు. తెలిసీ రాశారు. ఆయన రాత పట్ల, ఆయన పట్ల నాకు ఆ క్షణాన పుట్టిన గౌరవం ఇప్పటికీ రవ్వంత తగ్గలేదు.

"మరి నిన్న మైకులో అంటుంటే వచ్చి చెప్పకపోయారా?" అన్నాను.

"నా దగ్గర మైకు లేదు కదండీ" అన్నారు, సీసా మూత బిగిస్తూ.

బయటికి వచ్చాక అక్క రోడ్డు మధ్యలోనే ఆగింది. "ఇప్పుడు పోయి చెప్పు" అంది. రేపు చెబుతానన్నాను. పెద్దమనుషులతో విడిగా మాట్లాడతానన్నాను. కాగితం మీద రాసి ఇస్తానన్నాను. నాకు భయం వేసింది, నిజం. ఇంగ్లీషు ఫట్‌ఫట్ వచ్చే పంతులమ్మకు ఇంగ్లీషు రాదని ఊరంతటికీ నేనే చెప్పాలి. ఆమె నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, దున్నిన చేతులవి, శిబిరంలోకి నడిపించుకు పోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. శిబిరం నిండుగా ఉంది. ఎవరో పాడుతున్న పాట అయిపోయేదాకా ఆగి మైకు తీసుకున్నాను.

"నిన్న డాక్టరు సారు కాయిదం విషయంల చిన్న పొరపాటు జరిగింది" అన్నాను.

"జరిగింది అంటవేంది బిడ్డా?" కింద నిలబడిన అక్క గొంతు మైకు లేకుండానే అందరికీ వినబడింది. "నా ఎద్దు కాలు తెగింది అని రాసుకున్నరు ఠాణల. నీ పొరపాటు జరిగింది అంటున్నవ్ నువ్వు. అన్ని వాటంతటవే అయితయా? చేసినోళ్లు లేరా?"

ఇంగ్లీషు వ్యాకరణం పిల్లలకు రోజూ చెప్పేదాన్ని, కర్తరి, కర్మణి అని బోర్డు మీద గీతలు గీసి. అది ఎందుకు చెబుతారో ఎవరూ నాకు ఇట్లా చెప్పలేదు.

"నేను చేసిన" అన్నాను. "తప్పు నేను చేసిన. నాకు ఆ మాట రాదు. రాదని చెప్పనీకి సిగ్గయ్యి, నా తోక డిక్షనరీల ఉన్నది సదివిన. పైన నాలుగు వరుసలు నాకు సదువ రాలే. అది గూడ చెప్పలే. డాక్టరు సారు రాసింది ఆటంకం అని కాదు. మోకాలు ఎనక నరం కత్తితోని కోసి అవిటి చేసిండ్రు అని. తీగ గాదు, మనిషి. కావాలని."

రోడ్డుకు అవతల దవాఖాన తలుపు దగ్గర డాక్టరు గారు సంచి పట్టుకుని నిలబడిపోయారు. లౌడ్‌స్పీకరు గొట్టం ఆయన మొహానికే ఉంది.

టెంటు ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ఎవర్ని అంటున్నవ్? నా టెంటు కింద కూసుండి ఎవర్ని అంటున్నవ్?" మెత్తని మాట ఎటు పోయిందో మరి.

"పంతులమ్మ పేరు చెప్పలే గద అన్నా" అంది అక్క. "నువ్వెందుకు లేస్తున్నవ్?"

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఆయన చేను, అక్క చేను పక్కపక్కనే. చేల మధ్య ఒడ్డు విషయంలో వాళ్లిద్దరికీ ఏళ్ల నాటి పంచాయితీ ఉందని ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. ఆయన మనుషులను కేకేశాడు. పావుగంటలో టెంటు విప్పారు, కుర్చీలు మడిచారు, మైకు తీగలు చుట్టుకుని పోయారు. మేము అరవైమందిమి సెంటర్లో ఎండలో మిగిలాం. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అక్క కొంగు నెత్తి మీద కప్పుకుని, కాలుతున్న నేల మీద ముందు తను కూర్చుంది. ఆమె పక్కన నేను కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. ఆమె అప్పటిదాకా ఆ శిబిరంలో ఒక్కరోజూ కూర్చోలేదు. చేను పని వదులుకుని కూర్చునే స్థితి ఆమెకు లేదు. ఉద్యమం అన్న మాటకు నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ కూర్చోవడం ఒక ఎత్తు.

సాయంత్రం పెద్దమనుషులు దవాఖానకు పోయి, తీర్మానం వెనక్కి తీసుకున్నామని, మమ్మల్ని మన్నించమని చెప్పారు. వాళ్ల వెనక నేనూ ఉన్నాను. డాక్టరు గారు వాళ్లను ఒక్క మాట అనలేదు. "నేను ఎక్కడికీ వెళ్లనండీ. రాసింది నేను. ఎవరు రాశారని రేపు కోర్టులో అడిగితే నేను దొరకాలి కదా" అన్నారు. ట్రంకుపెట్టె మాత్రం వారం దాకా వరండాలోనే ఉంది. మమ్మల్ని ఆయన వెంటనే నమ్మలేదు, ఎందుకు నమ్మాలి?

టెంటు ఆయన మీద కేసు కట్టారు. మేకలు కాచే ముసలాయన ఒకడు ఆ రాత్రి ఆయన్ని కొట్టం దగ్గర చూశానని ముందుకొచ్చాడు. ఎద్దు మళ్లీ కాడి ఎక్కలేదు. అక్క దాన్ని అమ్మలేదు, కోతకు ఇవ్వలేదు. కోడలితో కలిసి పొద్దునొకసారి, మాపునొకసారి వైపు మార్చి, గోనెపట్టాల మీద పెట్టి సాకింది. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ కొట్టం దాటి వచ్చిన రోజు తండా అంతా చూడటానికి వచ్చింది. విచారణ నడుస్తుండగానే రాష్ట్రం వచ్చింది. ఉద్యోగుల పంపకాల్లో డాక్టరు గారు అవతలి రాష్ట్రానికి పోయారు. మాకు కావలసింది మాకు వచ్చింది, ఆయన్ని పోగొట్టుకున్నాం. ఆ రోజుల్లో ఇది పైకి అంటే కోప్పడేవారుండేవారు. నేను అనేదాన్ని.

సాక్ష్యానికి వాయిదా పడిన రోజు ఆయన రాకపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వేరే రాష్ట్రం, వేరే ఉద్యోగం, రాత్రంతా రైలు ప్రయాణం. మహబూబాబాదు కోర్టు వరండాలో అక్క, నేను పొద్దున్నుంచి నిలబడ్డాం. ఆయన అదే తోలుసంచితో రైలు దిగి నడుచుకుంటూ వచ్చారు. ముందుగా అక్కను అడిగింది ఎద్దు గురించే.

బోనులో నిలబడ్డాక టెంటు ఆయన తరఫు వకీలు లేచాడు. చేతిలో ఒక చిన్న డిక్షనరీ. "ఈ మాటకు అర్థం ఆటంకపరచు అని ఉంది. అప్పట్లో ఒక టీచరు కూడా మైకులో అందరికీ అట్లాగే చెప్పింది. అవునా కాదా?" నేను వెనక బల్ల మీదే కూర్చుని ఉన్నాను. నేను చేసిన తప్పు నాలుగేళ్ల తర్వాత ఇంకొకడి చేతిలో కత్తై తిరిగి వచ్చింది. డాక్టరు గారు నా వైపు చూడలేదు. "ఆ టీచరు గారు మర్నాడే అదే మైకులో దిద్దుకున్నారండీ. అదీ ఊరంతా విన్నారు" అన్నారు.

జడ్జి గారు కలం ఆపి అడిగారు, "వాదోపవాదాలు సరే డాక్టరు గారూ. తెలుగులో ఏమని నమోదు చేయమంటారు?"

పెద్ద డిక్షనరీలోని మాట చెబుతారనుకున్నాను. ఆయన మాత్రం, అక్క ఆ పొద్దు కొట్టంలో తనకు చెప్పిన మాటనే, ఆమె అన్నది అన్నట్టే, ఒత్తుల దగ్గర నుంచి విరుపు దాకా ఏదీ మార్చకుండా, నింపాదిగా చెప్పారు.

"'ఎనకకెల్లి వచ్చి నరం గోసిండ్రు.' ఇంతకంటే సరైన తెలుగు నాకు తెలియదండీ. ఇట్లాగే రాయించండి."

కృష్ణా జిల్లా మనిషి నోట మా మాట. నాకు తెలియకుండానే నా చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి, ఆ మాట తర్వాత ఏం వస్తుందో నాకు అలవాటు కనుక. జడ్జి గారు ఆ మాటను తిరిగి పలికారు. గుమాస్తా టైపు చేశాడు. కోర్టు హాల్లో ఎవరూ నవ్వలేదు.